గోతికి తలుపు

రైల్వే కాలనీ, బిలాస్‌పూర్
జూన్ 10

నేను కట్టుకున్న గది తాళం మీరు రవిచంద్రకి ఇచ్చేశారు. నన్ను అడగలేదు, చెప్పనూ లేదు. ఆదివారం పొద్దున్న పరుపు చుట్టుకుని మోప్కాలో మీ ఇంటికి వెళ్తే నా మెట్ల మీద వాడి బూట్లు ఉన్నాయి.

ఫోన్‌లో అడగొచ్చు. కానీ మీకు వినపడదు. మాధవీలత అక్క మధ్యలో నిలబడి నా మాటకి పంచదార కలిపి మీ చెవిలో పోస్తుంది. అందుకని రాస్తున్నాను. నాకు తెలుగు ఏ బడీ నేర్పలేదు. కాలనీ గుడి నోటీసు బోర్డు చూసి నేర్చుకున్నాను. తప్పులుంటే ఉంటాయి, చదువుకోండి.

బొబ్బిలిలో అక్క దగ్గర, కూతురింట్లో ఉండి మీరు మర్చిపోయినట్టున్నారు, గుర్తు చేస్తాను. ఆ ఇంటి కింద గొయ్యి తవ్వించింది మీరు. డిపోలో పిట్ లైనులోకి దిగి, తల పైకెత్తి, బోగీల పొట్టలు చూస్తూ సర్వీసంతా గడిపారు. అందుకని ఇల్లంటే కింద ఒక పిట్ ఉండాలనుకున్నారు. రిటైరయ్యాక కార్లు బాగుచేసే షెడ్డు పెడతానన్నారు. మన వంశంలో ఎవరికీ కారు లేదు. మోప్కా రోడ్డు మీద పోయే కార్లు చెడిపోయినా మన ఇంటిదాకా రాలేదు. పెద్దమ్మ పోయాక మీరు పని ఆపేశారు, గొయ్యి మిగిలింది. సగం బోగీ పొడుగు, ఉత్త ఇటుక గోడలు, మట్టి నేల, గాలిలో ఆగిపోయిన మెట్లు. వానాకాలం చెరువు, ఎండాకాలం బురద.

కిందటేడు దసరా వెళ్ళాక, ఆ గొయ్యి బాగుచేసుకుని అందులో ఉంటానని అడిగాను. "సేసుకో అమ్మీ, కప్పలొప్పుకుంటే నాకేటి" అన్నారు. కప్పలు ఒప్పుకున్నాయి. మీరు ఒప్పుకోలేదని ఇప్పుడు తెలిసింది.

డ్యూటీ దిగి సైకిలు మీద రోజూ మోప్కా వెళ్ళాను. ముందు గోడలకి లోపలివైపు చెమ్మ దిగకుండా తారు పూసి ప్లాస్టరు చేశాను, ఫోన్‌లో వీడియో చూసి. వీడియోలో ఆయనది ఎక్కడో ఎండు నేల. మోప్కా నేల అలా కాదు. బయటికి దారిలేని నీళ్ళు గోడ వెనక నిలబడి, ప్లాస్టరంతా అప్పడంలా పొంగి ఊడిపోయింది. గీకేసి మళ్ళీ మొదలెట్టాను. ఈసారి గోడల అడుగున చుట్టూ కాలువ తీసి, మూల ఒక గుంట తవ్వి, గుంటలో పంపు పెట్టి, ఆ తరవాత గోడల జోలికి వెళ్ళాను. నేల దిమ్మిస కొట్టి, ఇటుక ముక్కలు పరిచి కాంక్రీటు పోశాను. గోడ నేలకన్నా పైకి లేచిన చోట కిటికీలు కోయించాను. వాటిలోంచి వీధిలో పోయేవాళ్ళ చెప్పులు కనిపిస్తాయి. మెట్లు కిందిదాకా దించి రెయిలింగు పెట్టాను. పక్కింటి ఛత్తీస్‌గఢీ ముసలమ్మ రోజూ గట్టు మీద కూర్చుని, నోనీ, పిల్లా, ఇందులో ఎవర్ని పూడుస్తావు అని అడిగేది. ఏప్రిల్లో ఆవిడే దిగొచ్చి, నేలకి చెంప ఆనించి చూసి, అక్కడే ఓ కునుకు తీసి వెళ్ళింది.

నేను అన్నయ్య క్వార్టర్లో ఎక్కడ పడుకుంటానో మీకు తెలుసు. వెనక వరండాలో, కూలరుకీ గ్యాసు బండకీ మధ్య. వరండాకి తలుపు లేదు, పాత చీర కట్టాం. నీళ్ళకి లేచినవాళ్ళు, పాప పాలకి లేచినవాళ్ళు నన్ను దాటుకుంటూ వెళ్తారు. నాకు ఇరవై నాలుగేళ్ళు. లోపలినుంచి గడియ పెట్టుకునే తలుపు నాకు ఒక్కటే ఉంది, బాత్‌రూముది. అదీ ఎవరో ఒకరు కొడుతూనే ఉంటారు.

నాకు కావలసింది గడియ ఉన్న గది. నేనే చేసుకున్నాను. అది రవి బావకి ఎందుకిచ్చారో నెలాఖరులోపు రాయండి.

తనూజ

•

బొబ్బిలి
జూన్ 19

చిరంజీవి తనూజకి,

నువ్వు అడగలేదు గాని, ముందుగా నా దీవెనలు.

ఉత్తరం అందింది. అక్క పైకి చదువుతానంటే వద్దని, కళ్ళజోడు పెట్టుకుని నేనే చదువుకున్నాను. మాటలొచ్చిన దగ్గర్నుంచి నన్ను నువ్వు అన్న పిల్లవి, ఈ కాగితం నిండా మీరు అన్నావు. సూపర్‌వైజరు ముందు నిలబడ్డట్టుంది. మోకాలి ఆపరేషనయ్యాక నేను ఎవరి ముందూ ఎక్కువసేపు నిలబడలేను.

అడిగినదానికి జవాబు. రవిచంద్ర మీ పెద్దమ్మకి అన్న కొడుకు, నాకు మేనల్లుడు. అసిస్టెంటు లోకో పైలట్. వేళాపాళా లేకుండా బండెక్కుతాడు, దిగుతాడు. పగలు పడుకోవాలి. పగలు చీకటిగా, చల్లగా ఉండే గది నేల కింద కాక ఎక్కడ దొరుకుతుంది. అతనికి రైల్వే క్వార్టరు ఇంకా రాలేదు. పైగా అతను పర్మనెంటు. నువ్వు కాంట్రాక్టు. మన రైల్వేలో కాంట్రాక్టు వాళ్ళకి క్వార్టరు ఎలాటు చెయ్యడం నువ్వు ఎక్కడైనా చూశావా. ఆ పద్ధతి నేను పెట్టింది కాదు. నా జీవితమంతా ఆ పద్ధతిలోనే గడిచింది, నాకు ఇంకోటి తెలీదు.

రెండోది. నీకు ఇప్పటికే గూడు ఉంది. అన్న ఉన్నాడు, వదిన ఉంది, పాప ఉంది. ఉన్నవాళ్ళకి రెండోది ఇవ్వరు. లేనివాళ్ళకి ముందిస్తారు. వరండా చిన్నదే, కాదనను. మీ నాన్న, మా చంద్రమౌళి, పెళ్ళయ్యేదాకా ఆ కాలనీలోనే ఆరుబయట పడుకునేవాడు.

గది ఫొటోలు రవి పంపాడు. బాగుంది. మెట్లకి రెయిలింగు పెట్టడం తెలివైన పని. నాకు తట్టలేదు. కాలువ తీసిన వాలు కూడా సరిగ్గా ఉంది. పంపు మాత్రం ఏడాదికోసారి విప్పి శుభ్రం చెయ్యాలని రవికి చెప్పు. అతనికి తెలీదు.

కోపం మనసులో పెట్టుకోకు. తిండి సరిగ్గా తిను. నీ ఉత్తరంలో ఒత్తులు కొన్ని పోయాయి గాని, రాత గుండ్రంగా ఉంది.

నీ పెదనాన్న
బంగార్రాజు

•

రైల్వే కాలనీ
జూలై 2

పెదనాన్న గారికి,

గది పర్మనెంటు వాళ్ళది. మంచిది. తలుపు కాంట్రాక్టు వాళ్ళది. తెచ్చేసుకున్నాను.

మీకు తలుపు సంగతి తెలీదు. తార్‌బాహర్‌లో కూల్చేసిన పాత ఇంటి టేకు తలుపది. చెదపట్టిన అడుగు కోసేసి, చిత్రిక పట్టి, పాత రంగంతా గీకాను. గడియ నేనే బిగించాను, పైనొకటి, కిందొకటి. ఇల్లు మీది కాబట్టి గోడలు మీవి. నేల ఊడదీస్తే మిగలదు కాబట్టి అదీ మీదే అనుకోండి. తలుపు నాలుగు బందుల మీద ఉంటుంది. బందులు విప్పితే నా వెంట వస్తుంది.

నేను వెళ్ళేసరికి రవి బావ కోర్బా నుంచి బొగ్గు బండి తెచ్చి పడుకున్నాడు. స్క్రూడ్రైవరు చప్పుడుకి లేచాడు.

"ఏటి చేస్తన్నావు?"

"తలుపు తీస్తన్నాను."

"తీసే ఉంది కదా."

"తీసుకెల్లిపోతన్నాను."

వాడు కాసేపు కళ్ళు నలుపుకున్నాడు. మామయ్యకి తెలుసా అన్నాడు. కాగితం మీద పెడతానన్నాను. "అచ్ఛా" అని మళ్ళీ పడుకోబోయాడు. అప్పటికి పై బందు ఊడి, తలుపు నా నెత్తి మీదకి వాలింది. లేచి రెండో కొస పట్టుకున్నాడు. టేకు కదా, బరువు. మెట్ల మీద తిప్పడానికి చోటు చాలలేదు. అటు వంచు, ఇటు వంచు అని తిట్టుకుంటూ ఇద్దరం పైకి చేర్చాం. ఆటోలోకి కూడా వాడే ఎక్కించాడు. ఆటోవాడు దొంగసొత్తేమో అని అడిగితే, కాదు భయ్యా, ఫ్యామిలీ మేటర్ అని చెప్పాడు. మంచివాడే. అది వేరే సంగతి.

తలుపు ఇప్పుడు వెనక వరండాలో ఉంది. పెట్టడానికి గుమ్మం లేదు. ప్రణీత వదిన మొదటి రోజు దాని మీద బట్టలు ఆరేసింది. రెండో రోజు వడియాలు పెట్టింది. నాగేంద్ర అన్నయ్య దాన్ని అటూ ఇటూ చుట్టి చూసి, దీంతో ఏం చేద్దామనుకుంటున్నావే అన్నాడు. ఇటుకలు పేర్చి, వాటి మీద తలుపు వేసి, దాని మీద పడుకుంటున్నాను. గడియ వీపుకి తగులుతుంది. విప్పొచ్చు. విప్పను.

ఇంకో మాట. నాకు గూడు ఉందని రాశారు. నాన్న పోయినప్పుడు వచ్చిన ఉద్యోగం అన్నయ్యకి ఇచ్చారు. క్వార్టరు ఆ ఉద్యోగంతోపాటు వచ్చింది. అప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, నాకు అడగాలని తెలీదు. ఇప్పుడు తెలుసు. అందుకే అడుగుతున్నాను.

మీరు డిపోలో బోగీ కింద పనిచేశారు. అదే పిట్ లైను మీద, అదే బోగీ లోపల, నేను ఊడ్చి కడుగుతాను. మధ్యలో ఒక రేకు. పైనున్నవాళ్ళకి గది లేకుండా పోయే నియమం ఏ పుస్తకంలో ఉందో నాకు చూపించండి.

తనూజ

•

బొబ్బిలి
జూలై 24

చిరంజీవి తనూజకి, కోపిష్ఠి అయినా మా ఇంటి పిల్లకి,

రవి ఉత్తరం రాయడు, ఫొటోలు పంపుతాడు. మొదటి ఫొటోలో తలుపు లేని గుమ్మం. రెండో ఫొటోలో ఆ గుమ్మానికి కట్టిన దుప్పటి. మూడో ఫొటోలో మోప్కా వీధికుక్క ఒకటి వాన తప్పించుకోవడానికి దుప్పటి కిందినుంచి దూరి, అతని మంచం కింద ఈనింది. నాలుగో ఫొటోలో పిల్లలు. తరవాత అతను ఫొటోలు మానేశాడు.

ఇంజను నడిపేవాడికి నిద్ర చాలకపోతే మంచిది కాదు. నీకు నేను చెప్పక్కర్లేదు. కుక్కని తరమడానికి అతనికి మనసొప్పలేదట. తల్లి కదా, కరుస్తుంది కూడా.

నేనూ అక్కా కూర్చుని ఆలోచించాం. ఇద్దరికీ ఒకేసారి ఒకే మాట తోచింది. నువ్వు తొందరపడకుండా చదువు. రవి నీకు బావ వరస. వరస కుదిరింది. అతనికి ఉద్యోగం ఉంది, చెడ్డ అలవాట్లు లేవు, నోట్లో నాలుక లేదు. నీకు ఉంది. ఇద్దరికీ చాలుతుంది. గది కట్టింది నువ్వు, తాళం ఉన్నది అతని దగ్గర, తలుపు ఉన్నది నీ దగ్గర. పెళ్ళయితే తలుపు మళ్ళీ గుమ్మానికి చేరుతుంది. ఎవరూ ఓడిపోరు. అతని తల్లిదండ్రులతో నేను మాట్లాడతాను. కార్తీకంలో మంచి ముహూర్తాలున్నాయని ఇక్కడి పురోహితుడు అన్నాడు. ఊరికే అడిగాను, ఖరారు చెయ్యలేదు.

దీనికి ఎగిరిపడకు. అక్కకి నీ మీద ప్రేమ లేకపోతే ఇంత ఆలోచించదు.

పెదనాన్న

•

రైల్వే కాలనీ
ఆగస్టు 6

పెదనాన్న గారికి,

పెళ్ళి చేసుకుంటే నాకొచ్చేది సగం గది. నేను కట్టింది మొత్తం గది.

ఇది అక్కకి చదివి వినిపించండి, పంచదార లేకుండా. గది గొడవకి మొగుణ్ణి కట్టబెట్టడం అంటే, కుళాయి కారుతోందని చెప్తే చెరువు తవ్వించినట్టు. మీకు తవ్వకం అలవాటే గాని, ఈసారి నన్ను వదిలెయ్యండి.

రవి బావకి ఈ సంబంధం సంగతి చెప్పకుండా మీకు జవాబు రాయడం బాగుండదని ఆదివారం మోప్కా వెళ్ళాను. వాడు మెట్ల మీద కూర్చుని కుక్కపిల్లలకి పాలు పోస్తున్నాడు. కళ్ళ కింద నలుపు. మీ ఉత్తరం ఇచ్చాను. వాడికి తెలుగు చదవడం రాదు, నేనే చదివి వినిపించాను. నోట్లో నాలుక లేదన్న చోట కూడా ఆపలేదు.

విన్నాక, "నాకు నిద్ర కావాలి యార్, పెళ్ళి కాదు" అన్నాడు. మేమిద్దరం ఒక మాట మీదకి రావడం అదే మొదలు.

అప్పుడు అడిగాను. నీకు నిద్రే కావాలంటే డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూము ఉంది, అక్కడ పడుకునేవాడివి. లేదంటే ఎవరితోనైనా కలిసి ఉండేవాడివి. ఈ గొయ్యి ఎందుకు అడిగావు అని. వాడు పాలగిన్నె కింద పెట్టి నా మొహం చూశాడు. నాకు తెలిసే ఉంటుందనుకున్నాడట.

"నేనెక్కడ అడిగాను? మీ నాగేంద్ర ఒచ్చాడు. తాళం తెచ్చి చేతిలో పెట్టాడు. ఉండు బావా, గది ఖాళీగా ఉంటే మన తనూ ఇల్లొదిలి ఎల్లిపోద్ది, నువ్వుంటే ఎల్లదు అన్నాడు. మామయ్య చెప్పాడు అన్నాడు."

రెండుసార్లు చెప్పించుకున్నాను. రెండుసార్లూ అదే చెప్పాడు. పాలగిన్నె వాడి చేతికిచ్చి పైకి వచ్చాను.

అంటే పర్మనెంటు, కాంట్రాక్టు, పగటి నిద్ర, గూడు, అదంతా నా కోసం అల్లిన కథ. రవికి గది ఇవ్వడం కాదు మీరు చేసింది. నాకు లేకుండా చెయ్యడం. మీరిద్దరూ, అన్నయ్యా మీరూ, మాట్లాడుకుని చేశారు.

నేను అన్నయ్యతో ఇంకా మాట్లాడలేదు. ముందు మీరు రాయండి. ఒక్క ముక్క చాలు. అవునా, కాదా.

తనూజ

•

బొబ్బిలి
సెప్టెంబరు 1

తనూజకి,

అవును.

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, మొదటి ముక్క రాశాక రెండోది రాలేదు. అక్కకి చూపించకుండా రాస్తున్నాను. ఆమెకి ఈ సంగతి తెలీదు. పెళ్ళి మాట నిజంగానే అభిమానంతో అంది.

మేలో నా ఆపరేషనుకి నాగేంద్ర వచ్చాడు కదా. ఆసుపత్రిలో నా మంచం పక్కన నేల మీద పడుకున్నాడు. నన్ను బాత్‌రూముకి ఎత్తుకెళ్ళాడు. కొడుకు లేనివాణ్ణి, నాకు అది ఎలా ఉంటుందో నువ్వు ఊహించుకోగలవు. ఇంటికి వెళ్ళే రోజు నా కాళ్ళ దగ్గర కూర్చుని, "తనూ ఎల్లిపోతే ఇల్లు నడవదు పెదనానా" అన్నాడు. ప్రణీతకి ఆసుపత్రిలో నైటు డ్యూటీలు, తనకి ట్రాక్ డ్యూటీ, పాపని బడి నుంచి ఎవరు తెస్తారు, అన్నం ఎవరు వండుతారు అన్నాడు. నిన్ను ఆపమన్నాడు. నేను ఆపితే నువ్వు వినవని నాకు తెలుసు. గది నిండిపోతే నువ్వే ఆగుతావని నేనే చెప్పాను. నా దగ్గరొకటి ఉండాలని నువ్వు పంపిన రెండో తాళం నా దిండు కిందే ఉంది. ఇచ్చేశాను. నిన్ను అడిగితే ఒప్పుకోవని తెలిసే అడగలేదు.

ఇంకోటి కూడా ఉంది. రాయకపోతే సగమే రాసినట్టు. మోప్కాలో నన్ను ఏమని పిలుస్తారో నువ్వు వినే ఉంటావు. గడ్ఢేవాలా రాజుగారు. గొయ్యి రాజు. మీ పెద్దమ్మ ఉన్నంతకాలం ఆ మాట ఆమె వినకుండా చూసుకున్నాను. ఆమెకి తెలుసని తరవాత తెలిసింది. ఆ గోతిలో నా తమ్ముడి కూతురు కాపురం ఉందని ఊరంతా అంటే ఎలా ఉంటుందా అనిపించింది నాకు. అల్లుడు ఉంటే నవ్వులాట, ఆడపిల్ల ఉంటే అప్రతిష్ఠ. అలా అనుకున్నాను. రాసి చూస్తే అంత బాగా లేదు.

ఇప్పుడు చేయగలిగింది చెప్తాను. కార్తీకం వెళ్ళాక నేను మోప్కా వచ్చేస్తున్నాను. అక్కడ నేను తాళం వేసి వచ్చిన పై ఇంట్లో రెండు గదులున్నాయి. ముందు గది నువ్వు తీసుకో. తలుపుంది, గడియుంది, గాలి వస్తుంది, నేలకి పైన ఉంటుంది. నాకు ఒక్కడికీ వంట ఎంత, నీకెలాగూ వండుకుంటావు. పాపని కూడా బడి నుంచి నేరుగా మోప్కాకే తెచ్చుకుంటే నాగేంద్రకీ ఇబ్బంది ఉండదు. అందరికీ సర్దుబాటవుతుంది.

ఆలోచించుకుని రాయి.

పెదనాన్న

•

రైల్వే కాలనీ
సెప్టెంబరు 14

పెదనాన్నకి,

అవును అని రాసినందుకు నువ్వు అంటున్నాను. దాన్ని వేరేగా అర్థం చేసుకోకు.

నీ పై గది వద్దు. ఆ గదితోపాటు నీ వంటా, అన్నయ్య పాపా వస్తున్నాయి. వరండాలో చేసే పని ముందు గదిలో చెయ్యడానికి మోప్కాదాకా రావడం ఎందుకు. నువ్వు వచ్చాక ఒంట్లో బాగోకపోతే మెట్లెక్కి వస్తాను, గంజి కాస్తాను. అది నేను చూసుకుంటాను, గదికి దానికి ముడి పెట్టకు.

అన్నయ్యతో మాట్లాడాను. భోంచేస్తున్నాడు, కూర నేనే వేస్తున్నాను. తాళం నువ్వే ఇచ్చావట కదా అన్నాను. అబద్ధం ఆడలేదు. తల దించుకుని, "నువ్వెల్తే పాపని ఎవరు తెస్తారే" అన్నాడు.

"నువ్వు."

"నాకు డ్యూటీ."

"నాకూ డ్యూటీయే."

నీది కాంట్రాక్టు అనబోయాడు. అన్నం ముద్ద నోట్లో ఉంది కాబట్టి సగంలో ఆగింది. వదిన నైటు డ్యూటీకి జడ వేసుకుంటోంది. తను నా వైపో అన్నయ్య వైపో తెలీకుండా అద్దంలోకి చూస్తూ, "తనూ, ఆ గదిలో రెండో మంచం పడుతుందా" అని అడిగింది. పడుతుందన్నాను. అన్నయ్య తన కంచం తనే కడుక్కున్నాడు. మర్నాటి నుంచి పాపని వాడే తెస్తున్నాడు. ఒకరోజు ఆలస్యమైంది, టీచరు తిట్టింది. ఆకాశం ఏమీ ఊడిపడలేదు.

ఇల్లు నడవదని నీకు చెప్పాడు. నడుస్తోంది, కొంచెం కుంటుతోంది. నీ మోకాలులాగే, అలవాటు పడుతుంది.

రవి బావ వెళ్ళిపోతున్నాడు. తనతో ఇంజనెక్కే స్నేహితుడికి క్వార్టరు వచ్చింది, అందులో ఉంటాడు. కుక్కపిల్లలని మోప్కా వాళ్ళు తలా ఒకటి పట్టుకెళ్ళారు. తాళం ఎవరికివ్వాలని అడిగాడు. మామయ్యకి ఇస్తే ఆయన మళ్ళీ ఎవరికిస్తాడో తెలీదు కదా అని తనే అని, నా చేతిలో పెట్టాడు. కాబట్టి రెండు తాళాలూ నా దగ్గర ఉన్నాయి, తలుపు నా దగ్గర ఉంది. అయినా నేను గదిలో దిగలేదు. దిగితే కబ్జా అంటారు. నీ ఇంట్లో నేను దొంగలా ఉండను.

అప్రతిష్ఠ సంగతి కూడా రాశావు. రాసింది నయం. నువ్వు ఆ గొయ్యి తవ్వినందుకు ఊరు నవ్వింది. నేను దాన్ని బాగుచేస్తుంటే నవ్వలేదు. వాళ్ళ ఇళ్ళ చెమ్మ గోడలు చూపించి, ఇదేం చెయ్యాలి నోనీ అని అడిగారు. నీ పరువు ఎక్కడ పోయిందో నాకు తెలీదు, ఆ గదిలో మాత్రం పోలేదు. నేల అంగుళం అంగుళం నేనే కడిగాను, ఉంటే కనిపించేది.

ఇప్పుడు అసలు సంగతి. మంగ్లాలో అచ్చియమ్మ గారని ఒకావిడ ఉంది, మన వైపు వాళ్ళే, శ్రీకాకుళం. ఆవిడ ఇంటి పైన రేకుల కింద సగం కట్టి వదిలేసిన అటక ఉంది. నిలబడితే మధ్యలో తల తగలదు, పక్కలకి వెళ్తే తగులుతుంది. ఎండకి పెనంలా ఉంటుంది. మోప్కాలో నీళ్ళతో పోట్లాట, అక్కడ వేడితో. దాన్ని బాగుచేసుకుంటే ఉన్నన్నాళ్ళూ నీదేనంది. మాటగా కాదు, కాగితం మీద రాసి సంతకం పెడతానంది. ఆవిడ నాకు ఏమీ కాదు. నువ్వు పెదనాన్నవి.

నాకు మోప్కా గదే కావాలి. అది నేను చేసిన మొదటిది. గోడ ఎక్కడ పొంగిందో, ఎక్కడ మానిందో నాకు తెలుసు. కానీ మళ్ళీ ఒక పొద్దున్న మెట్ల మీద ఇంకొకరి బూట్లు చూడలేను.

అందుకని నువ్వు ఒక కాగితం రాయాలి. గది నాకు ఇస్తున్నానని రాయకు. ఇచ్చింది ఎలా వెనక్కి తీసుకుంటారో చూశాను. కింది గది తనూజది, అని రాయి. దాని కింద నీ పేరు, సంతకం. అన్నయ్యకి కూడా అదే మాట వేరే కాగితం మీద రాసి పంపు. నీ చేత్తోనే రాయి, అక్క చేత రాయించకు.

సెప్టెంబరు 28 ఆదివారం లోపు నాకు అందాలి. సోమవారం నాకు సెలవు. తలుపు పట్టే లోడింగు ఆటో పొద్దున్న ఏడింటికి చెప్పేశాను. మోప్కాకా, మంగ్లాకా అని డ్రైవరు అడిగాడు. ఆదివారం రాత్రి చెప్తానన్నాను.

తనూజ